మాటమిరప కింది చెయ్యి

పోయినవారం కథ మెట్ల దగ్గర ఆగింది.

బ్రాడీపేటలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్కు పైన రెబ్కా అచ్చుగది ఉంది. వందేళ్ళ కిందటి మొక్కల బొమ్మలను ముందు పెట్టుకుని, ఈనాటి జిల్లాకు తగ్గట్టు వాటిని మార్చి, లినో అనే మెత్తటి పలక మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీయడం ఆమె పని. చూసినవాళ్ళు ముందు నవ్వుతారు. బొమ్మ ఎవరి గురించో తట్టాక పక్కవాడి మొహం చూస్తారు. ఆ పాత బొమ్మలు ఆమెకు ఇచ్చింది పట్నంబజారులో విత్తనాల కొట్టున్న మాలకొండయ్య.

ఆమె ఈమధ్య తీసిన అచ్చు పేరు మాటమిరప. కాయల బదులు నాలుకలు కాసే చెట్టు. చెట్టు మొదట్లో, గింజలు పట్టుకున్న ఒక చెయ్యి. నిరుడు పూత పూసి కాయ కట్టని మిరప తోటల మీద వేసిన బొమ్మ అది. ఫోన్లలో ఊరంతా తిరిగింది. ఆ చేతికున్న వంకర చిటికెనవేలు చూసి, అది మాలకొండయ్య చెయ్యేనని బజారు తేల్చింది. రెబ్కా బాబాయి ఏసుబాబు తోట కూడా నిరుడు అలాగే పోయింది. అతను ఖాళీ పాకెట్టు తెచ్చి చూపించినప్పుడు ఏ కొట్లో కొన్నాడో ఆమె అడగలేదు. బొమ్మ ఊరు తిరిగాక అతనే ఫోను చేసి చెప్పాడు. కొన్నది మాలకొండయ్య కొట్లోనే.

ఆ ఫోను పెట్టేసరికి మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది.

మాలకొండయ్య ముందు, కొడుకు సురేంద్ర వెనక ఎక్కి వచ్చారు. పెద్దాయన కళ్ళు చక్కెర జబ్బుతో పోయాయి. వెలుతురు తెలుస్తుంది, మనిషి అడ్డం వస్తే తెలుస్తుంది, అంతే. సురేంద్ర తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, తను మాత్రం నిలబడే ఉన్నాడు. ఎడమ చేతిలో కారు తాళం తిప్పుతున్నాడు.

"చూడండి మేడం. రేపు ఒంగోలులో మీ ఎగ్జిబిషనంట. ఆ బొమ్మ అక్కడ ఉండటానికి వీల్లేదు. లాయరుదాకా తెచ్చుకోవద్దు."

"ఒరేయ్, కారు ఎక్కడ పెట్టావు?" అన్నాడు మాలకొండయ్య.

"కిందే. సందుకి అడ్డంగా."

"మరి ఆటోలవాళ్ళు అరిచేది మన గురించే. వెళ్ళి తీసి ఎక్కడన్నా పెట్టిరా. ఈలోపు మేం మాట్లాడుకుంటాం."

"ఆమె మాటల్లో పడిపోకు నాన్నా."

"నేను పడేదేవన్నా ఉంటే మెట్ల మీదే పడేవాణ్ణి. వెళ్ళు."

సురేంద్ర దిగి వెళ్ళాడు. కింద హారన్లు కాసేపు మోగి ఆగాయి. రెబ్కా మంచినీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగి, గ్లాసు పెట్టడానికి పక్కన తడిమాడు. చెయ్యి అచ్చు మిషను చక్రానికి తగిలింది. రెండు ఇనుప రోలర్లు, వాటి పక్కన తిప్పే చక్రం. చూడటానికి చెరుకురసం బండిలాగే ఉంటుంది.

"పక్క కోచింగ్ సెంటరు పిల్లలు ఇంకా రసం అడుగుతున్నారా?"

"నిన్న కూడా ఒకడొచ్చాడండి. అల్లం వేసి ఇమ్మన్నాడు."

ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

మూడేళ్ళ కిందట, పెద్దయ్యాక మొదటిసారి కొట్టుకు వెళ్ళినప్పుడు ఆమె ఆయన్ని అయ్యగారూ అని పిలిచింది. "మీ చర్చిలో అయ్యగారంటే పాస్టరుగారు కదా. నేను గింజలమ్ముకునేవాణ్ణి. తాతయ్యను, తాతా అను," అన్నాడు. అప్పటినుంచి తాతగారూ అంటోంది. ఆ రోజే ఆయన అటక మీంచి రేకుపెట్టె దింపించి, వేపాకుల మధ్యనుంచి మొక్కల బొమ్మలు బయటికి తీశాడు. వెనకటికి పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాతకాగితాల కట్టలో వచ్చాయట. ఏదో మిషనరీల బంగళా ఖాళీ చేసినప్పటి కట్ట. ఆవ మొక్కనీ వేరుశనగ మొక్కనీ చింపి గింజలు కట్టి అమ్మేశాడు. మూడో కాగితం మీద మిరప మొక్క చూసి ఆగిపోయాడు. వేరు, కాండం, ఆకు, పువ్వు, కోసి చూపించిన కాయ, కాయలో గింజల వరస. "అంత ఓపిగ్గా గింజలు వేసినవాళ్ళ కాగితంలో గింజలు కట్టి అమ్మబుద్ధి కాలేదమ్మా," అన్నాడు. చింపనని మాట తీసుకుని పెట్టె మొత్తం ఆమెకు ఇచ్చేశాడు.

ఆమె తీసిన మొదటి అచ్చు తెల్లచొక్కా పత్తి. కాయలు పగిలి లోపలినుంచి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలు బయటికి వస్తుంటాయి. కింద, పాత బొమ్మల పద్ధతిలోనే, వివరాలు. దొరికే చోటు: సభావేదికలు. పూత: ఎన్నికల ముందు. అప్పటికి మాలకొండయ్యకు చూపు కొంచెం ఉంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వి, దాన్ని కొట్లో తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు.

"మాటమిరప సంగతి చెప్పు," అన్నాడు ఇప్పుడు. "మావాడు చెప్పాడు గానీ వాడు కోపంలో చెప్పాడు. నువ్వు చెప్పు. పైనుంచి కిందికి చెప్పు."

రెబ్కా బల్ల మీదున్న అచ్చుకాగితం తీసింది.

"పైన కొమ్మలండీ. మీ పాత బొమ్మలో ఉన్నట్టే. ఆకులూ అవే. పువ్వులు నిండుగా ఉన్నాయి. కాయలుండాల్సిన చోట నాలుకలు వేలాడుతుంటాయి."

"ఎన్ని?"

"చాలా ఉన్నాయండి. ఒకటి మాత్రం నేలకు తాకేంత పొడుగు."

"అది మా వియ్యంకుడిది అయ్యుంటుంది. తర్వాత?"

"ఒక పక్కన కాయ కోసి చూపించినట్టు, నాలుక కోసి చూపించాను. లోపల గింజలు ఉండవు. కింద రాతలు. పేరు: మాటమిరప. కుటుంబం: వాగ్దానాల కుటుంబం. పూత: విత్తనం అమ్మేటప్పుడు. కాపు: అడిగినవాడి మీద ఆధారపడి ఉంటుంది."

మాలకొండయ్య తల ఊపాడు. "బాగుంది. ఇంకా?"

"అంతేనండి."

"వేర్లు లేవా?"

"ఉన్నాయండి."

"వేర్ల దగ్గర ఏముంది?"

ఆమె కాగితం బల్ల మీద పెట్టేసింది. ఆయన తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వంకర చిటికెనవేలిని రెండో చేత్తో నిమురుతున్నాడు. కుర్రతనంలో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసేటప్పుడు బెల్టులో పడి విరిగిన వేలు అది. సరిగా అతకలేదు.

"కళ్ళు పోయినవాడికి చెప్పేటప్పుడు కింద సగం ఎగ్గొట్టొచ్చు అనుకున్నావా అమ్మాయ్?"

"మీరు బాధపడతారని..."

"బాధపడే ఇంతదూరం వచ్చాను. కొత్తగా పడేదేముంది?" ఆయన గొంతు పెంచలేదు. "నన్ను తిట్టావని రాలేదు. విత్తనం కాయకపోతే తిట్లు తినాల్సింది అమ్మినవాడే. మా నాన్న తిన్నాడు, నేను తిన్నాను. బొమ్మేసి తిట్టడం కొత్త, అంతే. నేనడగాలనుకుంది ఒకటే. ఎడంచెయ్యి ఎందుకు వేశావు?"

"ఎడంచెయ్యా?"

"మొన్న సెలూన్లో గడ్డం గీయించుకుంటున్నా. పక్క కుర్చీలో ఎవరో అంటున్నాడు, 'ముసలాయన ఎడంచేత్తో ఇస్తే చెట్టేం కాస్తదిరా' అని. నేనున్నానని చూసుకోలేదు. గీసేవాడు పాపం దగ్గాడు. ఇద్దరం దగ్గాం. మొహం నిండా నురగ ఉంది కాబట్టి సరిపోయింది."

"జనం మాట వరసకి అంటున్నారనుకున్నాను తాతగారూ. చిన్నచూపు చూసి ఇస్తే ఎడంచేత్తో ఇచ్చాడంటాంగా, అలాగ."

"మాట వరసకి కాదు. బొమ్మలో ఉందంట. మావాణ్ణి అడిగితే వాడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. విత్తనం ఎడంచేత్తో ఎట్లా ఇస్తానమ్మా? ఎవరికన్నా ఇచ్చానా? మీ నాన్నకి ఇచ్చానా?"

రెబ్కా లేచి గూట్లోంచి పలక తీసుకొచ్చింది. అచ్చు తీశాక కిరోసిన్ గుడ్డతో తుడిచి పెట్టిన పలక. కిటికీ కింద నల్లరాయి బండ ఉంది. మార్టూరు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేసే రోజుల్లో, అంచు పెచ్చు ఊడిందని పక్కన పారేసిన ముక్కను ఆమె తండ్రి ఇమ్మానియేలు మోసుకొచ్చి ఇచ్చాడు. ఇంకు పరిచి రోలరు తిప్పేది దాని మీదే. తండ్రి పోయాక కూడా బండ రోజూ పనిలోనే ఉంది. పలకను దాని మీద పెట్టి, మాలకొండయ్య కుర్చీని అక్కడికి జరిపింది.

"మీరే చూడండి. వేళ్ళకు తెలుస్తుంది. చెక్కకుండా వదిలేసిందే పైకి ఉంటుంది. ఇంకు అంటుకునేది దానికే."

ఆయన రెండు అరచేతులూ పలక మీద పెట్టాడు. ముందు అంచులు చూసుకున్నాడు. తర్వాత కొమ్మలు పట్టుకుని కిందికి వచ్చాడు. నాలుకల దగ్గర ఆగి పొడుగుది ఏదో వెతికి పట్టుకున్నాడు. రాతల దగ్గర కనుబొమలు ముడిచాడు.

"అక్షరాలు అంతుబట్టటం లేదేం?"

"తిరగేసి ఉంటాయండి. అద్దంలో చూసినట్టు. కాగితం మీద పడేటప్పుడు సరవుతాయి. పాత బొమ్మను ట్రేసింగ్ పేపరు మీద తీసుకుని, బోర్లా తిప్పి పలక మీద దించుతాను. రాతలూ అంతే. తిప్పకపోతే అచ్చులో తిరగబడతాయి."

ఆయన వేళ్ళు వేర్ల మీదుగా చేతి దగ్గరికి వచ్చాయి. అక్కడ నెమ్మదించాయి. అరచేతిలో గింజలు ఒక్కొక్కటీ తడిమాడు. వంకర చిటికెనవేలి మీద వేలు పెట్టి, అక్కడే కొంతసేపు ఉంచాడు. తర్వాత తన కుడిచెయ్యి వెల్లకిలా బండ మీద పలక పక్కనే పెట్టుకుని, ఎడమచేత్తో ఒకసారి దాన్నీ ఒకసారి దీన్నీ చూసుకున్నాడు. ఇక్కడ బొటనవేలు, అక్కడ బొటనవేలు.

"ఇది కుడిచెయ్యేగా," అన్నాడు.

"కుడిచెయ్యేనండి. నేను వేసింది..."

ఆమె అచ్చుకాగితం తీసి పలక పక్కన పెట్టింది. పలక మీద బొటనవేలు కుడివైపు ఉంది. కాగితం మీద ఎడమవైపు ఉంది. తన రెండు చేతులూ వెల్లకిలా పెట్టి చూసుకుంది. ఎన్ని కాపీలు తీసి ఆరేసింది, ఎన్నిసార్లు చూసింది, ఎప్పుడూ చెయ్యనే చూసింది. ఏ చెయ్యో చూడలేదు.

"తాతగారూ, తప్పు నాదే. మొక్కను తిప్పాను. అక్షరాలు తిప్పాను. చేతిని తిప్పలేదు."

"అదేం?"

"మీ పాత బొమ్మలో చెయ్యి లేదుగా. మొక్కంతా దించాక కింద ఖాళీ కనిపించింది. ట్రేసింగు లేకుండా పెన్సిల్‌తో నేరుగా పలక మీదే గీసేశాను. కుడిచెయ్యి గీశాను కాబట్టి కుడిచెయ్యే పడుద్దనుకున్నాను." ఆమె ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "పదో క్లాసు పిల్లలకు డ్రాయింగు చెప్పేటప్పుడు మొదటి రోజే ఇది చెప్పేదాన్ని."

మాలకొండయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. వెంటనే నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"అయితే నా చెయ్యి నువ్వు కుడిచెయ్యిగానే వేశావు. మిషను తిప్పింది."

"అవునండి."

"సరే. మరి నా చెయ్యే ఎందుకు? బజార్లో ఇన్ని కొట్లున్నాయి."

దీనికి జవాబు ఆమె తనకు తాను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

"చిన్నప్పుడు నాన్న వెంట బస్సులో విత్తనాలకు వచ్చేదాన్ని. అప్పుడు విడి గింజలు కదండీ. రెండు మూడు కొట్లు తిరిగేవాళ్ళం. మా పల్లె పేరు చెప్పగానే వాళ్ళకు మేమెవరమో తెలిసేది. నాన్న తువ్వాలు పట్టుకుంటే పైనుంచి పోసేవాళ్ళు. జానెడు ఎత్తునుంచి. కొన్ని గింజలు బయట పడేవి, నేను ఏరేదాన్ని. మీ కొట్లో మొదటి పిడికెడు మీరు పోసేవాళ్ళు కాదు. నాన్న చెయ్యి కింద మీ చెయ్యి పెట్టి పట్టుకుని, గుప్పిట దాంట్లో పెట్టి తెరిచేవాళ్ళు. ఆ వంకర వేలు నాన్న అరచేతికి తగిలేది. విత్తనం ఇచ్చే చెయ్యి గీయాలంటే నాకు అదొక్కటే తెలుసండి. మిమ్మల్ని తిడదామని గీయలేదు. ఆ చెట్టును తిడుతూ, కింద ఇంకో చెయ్యి గీయడం రాలేదు."

ఆయన చెయ్యి చాపి గాల్లో వెతికాడు. ఆమె తల అందింది. దాని మీద చెయ్యి పెట్టాడు. ఇంకు మరకలు అంటిన ఆమె వేళ్ళు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి.

"మళ్ళీ చెక్కుతాను," అంది రెబ్కా. "రేపు ఒంగోలులో అది ఉండదు. ఇప్పటికే గోడకు తగిలించారు. అక్కడ చూసుకునే భానుశ్రీ గారు పొద్దున్నే ఫోను చేశారు, గొడవేమన్నా ఉంటే సాయంత్రానికల్లా చెప్పమని. దించెయ్యమంటాను."

"దీన్నే దిద్దడం కుదరదా?"

"తీసేయడం కుదురుద్ది గానీ కలపడం కుదరదండి. చెక్కేసింది మళ్ళీ రాదు. వేరే పలక చెయ్యాల్సిందే."

"మీ బాబాయి ఊరుకుంటాడా? అతని తోట కూడా పోయిందని బజార్లో విన్నాను."

"బాబాయికి నేను చెప్పుకుంటాను."

"ఏం చెప్తావు?"

ఆ బొమ్మ గోడ మీద ఉండాలని కోరుకున్నది ఏసుబాబు. తన తోట గురించి ఎవరూ రాయలేదు, ఎవరూ వచ్చి చూడలేదు, నువ్వొక్కదానివే అచ్చేశావు అన్నాడు. దించేస్తే అతనికి ఏమీ మిగలదు. ఉంచితే ఈయనకు మిగలదు.

మాలకొండయ్య కర్ర రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఆలోచిస్తున్నాడు. ఇందాకటి నవ్వు ఇప్పుడు మొహంలో లేదు.

"మీ బాబాయి కొన్న పాకెట్టు ఏమన్నా నీ దగ్గర ఉందా?"

"ఉందండి."

"కంపెనీ పేరు చదువు."

చదివింది. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివింది.

"ఆ పేరు నా కొట్లో నేనెప్పుడూ వినలేదు," అన్నాడు. "ఎప్పుడు కొన్నాడు?"

"నిరుడు ఆషాఢంలో. నారు పోసుకునే ముందు."

"ఆషాఢంలో నాకు కంటికి ఆపరేషను. చీకటి గదిలో పడుకోబెట్టారు. శ్రావణం పోయిందాకా కొట్టు మొహం చూడలేదు." కర్ర మీద వేళ్ళు బిగిశాయి. "అతనికి ఫోను చెయ్యి. ఒక్కమాట అడుగు. విత్తనం ఏ చేత్తో ఇచ్చారో అడుగు. నేనున్నానని చెప్పకు."

రెబ్కా ఫోను బండ మీద పెట్టి స్పీకరు వేసింది. ఏసుబాబు రెండోసారికి ఎత్తాడు. వెనక ట్రాక్టరు చప్పుడు.

"బాబాయ్, ఒక సంగతి చెప్పు. నిరుడు ఆ విత్తనం కొన్నప్పుడు నీకు ఏ చేత్తో ఇచ్చారు?"

"అదేం ప్రశ్నే! తిన్నావా లేదా?"

"తిన్నాలే. గుర్తుంటే చెప్పు."

"గుర్తు లేకపోవడమేంటి? ఎడంచేత్తో. మీ పిన్ని అక్కడే గొణిగింది, శుభమా అని విత్తనం కొంటుంటే ఎడంచేత్తో పడేస్తాడేంటి అని. చేతిదేముందిలేవే, పైన ప్రభువున్నాడు అని నేనే సర్దిచెప్పా. ప్రార్థన చేసుకుని నారు పోశాం. ఆ పెద్దాయన ఉండుంటే చేతిలో పెట్టేవాడు. ఆస్పత్రిలో ఉన్నాడన్నారు. ఎట్టా ఉన్నాడో ఏమో. కొడుకే ఉన్నాడు గల్లాలో. ఫోన్లో మాట్లాడుకుంటా, మొహం కూడా చూడకుండా ఇచ్చాడు. ఎందుకడిగావు?"

"మళ్ళీ చెప్తా బాబాయ్."

ఫోను పెట్టేసింది. కింద క్లినిక్కులో డ్రిల్లు చప్పుడు మొదలై ఆగింది.

"వాడు పుట్టుకతో ఎడమచేతివాటం," అన్నాడు మాలకొండయ్య. "అన్నం కూడా దాంతోనే తినేవాడు చిన్నప్పుడు. వాళ్ళమ్మ కొడితే మానాడు. ఏ చేత్తో రాసుకున్నా రాసుకో, విత్తనం మాత్రం కుడిచేత్తో ఇవ్వరా అనేవాణ్ణి. నా ఎదుట అలాగే ఇచ్చేవాడు."

"తాతగారూ, పాకెట్టు ఎడంచేత్తో ఇచ్చినంత మాత్రాన..."

"చెయ్యిదేం లేదమ్మా. నాకూ తెలుసు. ఆ పేరు నాకు చెప్పకుండా కొట్లోకి వచ్చింది. అదీ సంగతి."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. రెబ్కా లేవబోయింది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

సురేంద్ర చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "ఆఖరికి శంకర్ విలాస్ సెంటరు దాకా వెళ్ళి పెట్టొచ్చా. ఏమంది నాన్నా? తీసేస్తానందా?"

"కూర్చో."

"టైం లేదు, కొట్లో కుర్రాళ్ళు..."

"కూర్చోరా."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బండ మీద పలక, పక్కన అచ్చుకాగితం, వాటి పక్కన ఖాళీ పాకెట్టు. పాకెట్టు మీద అతని చూపు ఆగింది.

"నీ చెయ్యి ఇటియ్యి," అన్నాడు మాలకొండయ్య.

సురేంద్ర ఆలోచించలేదు. చెయ్యి చాపాడు. చాపింది ఎడమచెయ్యి. తండ్రి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. చిన్నపిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకుని, వేళ్ళు విప్పి, అచ్చుకాగితం ఎక్కడుందో తడిమి చూసుకుని, దాని మీద వెల్లకిలా పెట్టాడు.

"అమ్మాయ్. సరిపోయిందా?"

రెబ్కా చూసింది. బొటనవేలు బొటనవేలి పక్కన పడింది. అరచెయ్యి అరచేతి మీద పడింది.

"సరిపోయిందండి. చిటికెనవేలు ఒక్కటే తేడా."

"అది నాది," అన్నాడు ఆయన. కొడుకు మణికట్టు వదల్లేదు. "వేలు నాది. చెయ్యి ఎవరిదిరా?"

సురేంద్ర చెయ్యి వెనక్కి లాక్కోలేదు. చెయ్యి వెనక చెమట కాగితానికి అంటి, వేళ్ళ సందుల్లో తడి కనిపిస్తోంది.

బండ మీద ఫోను మోగింది. భానుశ్రీ. రెబ్కా ఎత్తి స్పీకరు వేసింది.

"రెబ్కా గారూ, హాలు మూసేస్తున్నారండి. వాచ్‌మన్ తాళం పట్టుకుని నిలబడ్డాడు. మాటమిరప ఉంచమంటారా, దించమంటారా?"

రెబ్కా మాలకొండయ్య వైపు చూసింది. ఆయన మొహం కొడుకు వైపే ఉంది. తను ఏం చెప్పినా ఈ గదిలో ఇద్దరిలో ఒకరికి తగులుతుంది. ఫోను దగ్గరికి వంగింది.

"హలో? ఉన్నారా?"

"ఉంచమనండి," అన్నాడు సురేంద్ర.

తండ్రి చేతుల్లో ఉన్న తన చేతినే చూస్తున్నాడు.

"ఉంచమనండి మేడం. ఆ వేలొక్కటి తీసేయడం కుదురుద్దేమో చూడండి. మా నాన్న ఆ రోజు కొట్లో లేడు."